కాలికి బుద్ధి చెప్పేది ఎవరు?

గత నవంబరులో, రెండు రోజులు విడవకుండా కురిసిన వాన తెరిపి ఇచ్చిన రాత్రి, చెన్నైలోని తిరువాన్మియూరులో మేము అద్దెకు దిగిన వీధిలో మా అమ్మాయిని ఒక కుక్క అటకాయించింది. వేళచ్చేరి నుండి ఆ ఇంటికి మారి అప్పటికి పది రోజులే అయింది. నెల్లూరు నుండి వచ్చి ఉన్న మా అమ్మ, పదకొండేళ్ళ మనవరాలిని వెంటబెట్టుకుని వీధి చివరి దుకాణంలో పాల ప్యాకెట్లు కొనుక్కుని తిరిగి వస్తోంది. వీధి దీపం వెలగడం లేదు. ఆగి ఉన్న ఆటో కింద తడవకుండా పడుకున్న కుక్క ఒక్కసారిగా మొరుగుతూ బయటికి దూకింది. మా అమ్మ "పరుగెత్తవే, పరుగెత్తు" అని కేక వేస్తూ ఎదురింటి మెట్లెక్కేసింది. పిల్ల మాత్రం పాల ప్యాకెట్లను గుండెలకు హత్తుకుని, రెప్ప వేయకుండా, ఉన్నచోటనే నిలబడిపోయింది. కుక్క మూరెడు దూరం దాకా వచ్చి, మొరిగి, వాసన చూసి, కాసేపటికి తిరిగి ఆటో కిందికి వెళ్ళి పడుకుంది.

ఏ అపాయమూ జరగలేదు. కానీ ఆ తరువాత వారం రోజులూ ఇంట్లో అదే మాట. ఫోనులో ఎవరు పలకరించినా మా అమ్మ "కొయ్యబారిపోయిందమ్మా, ఇంత పిరికిదని నేననుకోలేదు" అని మొదటి నుండి చెప్పుకొచ్చేది. ఆమెది కోపం కాదు, తాను మెట్లెక్కి పిల్లను కింద వదిలేశానన్న బాధ అలా బయటపడుతోందని నాకు తెలుసు. పిల్లకు తెలియదు. ఒక రాత్రి నా పక్కన పడుకుని అడిగింది: "అమ్మా, పరుగెత్తాలనే అనుకున్నాను. నా కాళ్ళు నా మాట వినలేదు. మరి అవి ఎవరి మాట విన్నాయి?"

నేను ఇక్కడి ఒక పాఠశాలలో ప్లస్ వన్, ప్లస్ టూ విద్యార్థులకు జంతుశాస్త్రం చెబుతాను. ఆపద ఎదురైతే ఎడ్రినలిన్ విడుదలవుతుందని, శరీరం పోరాటానికో పలాయనానికో సిద్ధమవుతుందని ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద రాస్తున్నాను. వాల్టర్ కానన్ 1915లో ప్రచారంలోకి తెచ్చిన ఆ మాట తప్పు కాదు. అయితే ఎడ్రినలిన్ రక్తంలో కలిసి పని మొదలుపెట్టడానికి కొన్ని సెకన్లు పడుతుంది. కుక్క ఆటో కింద నుండి బయటికి రావడానికి పట్టిన సమయం అంతకంటే తక్కువ. పిల్ల కాళ్ళ సంగతి ఆ లోపలే తేలిపోయింది. తేల్చినది ఏమిటన్న ప్రశ్నకు నా పాఠంలో జవాబు లేదు. పారిపోవడాన్ని తెలుగులో "కాలికి బుద్ధి చెప్పడం" అంటాము. ఆ బుద్ధి ఎక్కడ ఉంటుందో, ఎవరు చెబుతారో తెలుసుకోవడానికి సంక్రాంతి సెలవుల దాకా దొరికిన వ్యాసాలన్నీ చదివాను. ఇది ఆ చదువులో నాకు అర్థమైనది.

అన్నిటికంటే ముందు మా వంటింటి బొద్దింక దగ్గర మొదలుపెట్టాలి. ప్లస్ వన్‌లో బొద్దింక శరీర నిర్మాణం చెప్పేటప్పుడు, ఉదరం చివర రెండు చిన్న కొమ్ముల్లా పొడుచుకు వచ్చే సెర్సైలను బొమ్మలో గుర్తించమని పిల్లలకు చెబుతాను, మార్కులు వస్తాయి కనుక. వాటి పనిని మాత్రం ఒక్క వాక్యంలో దాటవేసేదాన్ని. ఒక్కొక్క సెర్సై మీద గాలికి కదిలే సన్నని పొడవాటి రోమాలు రెండు వందలకు పైగా ఉంటాయి. ఒక్కొక్క రోమం తన కుదుళ్ళలో ఏదో ఒక దిశలోనే సులువుగా వంగేలా అమరి ఉంటుంది. అందువల్ల ఏ రోమాలు వంగాయన్న దానిని బట్టే గాలి ఏ వైపు నుండి వచ్చిందో తెలిసిపోతుంది. చెప్పు ఎత్తి కొట్టబోయేటప్పుడు చెప్పు కంటే ముందు అది తోసిన గాలి బొద్దింకను చేరుతుంది. 1970లలో జెఫ్రీ కామీ, ఆయన సహచరులు బొద్దింకలను గోదురుకప్పల ముందు వదిలి వేగవంతమైన చిత్రీకరణతో పరిశీలించారు. కప్ప ముందుకు దూకబోతున్నప్పుడు కదిలిన కొద్దిపాటి గాలికే బొద్దింక, సెకనులో ఇరవయ్యో వంతు అటూ ఇటూ సమయంలో, అవతలి వైపుకు తిరగడం మొదలుపెడుతుందని వారు చూపించారు.

ఇంత వేగం సాధ్యం కావడానికి కారణం దారి పొట్టిగా ఉండటమే. రోమాల సమాచారం ఉదరం చివరి నాడీగ్రంథికి, అంటే అక్కడి నాడీకణాల ముడికి, చేరుతుంది. అక్కడి నుండి మామూలు వాటికంటే ఎంతో లావైన కొన్ని నాడీతంతువులు దానిని నేరుగా కాళ్ళను నడిపే వక్షభాగపు గ్రంథులకు అందిస్తాయి. తలలోని మెదడు దాకా వెళ్ళి అనుమతి తెచ్చుకునే పని లేదు. నాడీతంతువు ఎంత లావైతే సంకేతం అంత వేగంగా పోతుంది. మయలిన్ తొడుగు ఉన్న మన నాడుల వంటి ఏర్పాటు లేని జీవులకు వేగం పెంచుకోవడానికి లావు పెంచుకోవడమే ప్రధానమైన మార్గం. కాశిమేడు రేవులో గంపలకొద్దీ అమ్మే స్క్విడ్, తమిళంలో కణవాయ్ అనేది, తన శరీరంలోని నీటిని ఒక్కసారిగా చిమ్మి వెనక్కి దూసుకుపోవడానికి ఇలాంటి తంతువునే వాడుతుంది. అది దాదాపు ఒక మిల్లీమీటరు లావు దాకా ఉంటుంది. జె. జడ్. యంగ్ 1936లో దానిని శాస్త్రలోకం దృష్టికి తెచ్చారు. హాడ్జ్‌కిన్, హక్స్‌లీలు దానిలోకి ఎలక్ట్రోడులు దించి నాడీసంకేతం ఎలా పుడుతుందో కనుగొన్నారు, 1963లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. మా పాఠ్యపుస్తకంలోని నాడీప్రచోదన పాఠమంతా ఒక జలచరం ప్రాణభయంతో పారిపోవడానికి సమకూర్చుకున్న తీగ మీద నేర్చుకున్నదే. ఈ సంగతి నేను ఇంతకుముందు తరగతిలో ఎన్నడూ చెప్పలేదు. ఇకమీదట చెబుతాను.

వేగంతోనే అంతా తీరిపోదు. బొద్దింక ప్రతిసారీ ఒకే దిశలో పారిపోతే, దానిని పట్టే జంతువు ఆ దిశను నేర్చుకుంటుంది. 2008లో పావొలో డొమెనిసీ, సహచరులు చాలా బొద్దింకల పరుగులను కొలిచి, అవి ముప్పు వచ్చిన దిశకు సుమారు 90, 120, 150, 180 డిగ్రీల కోణాలలో ఏదో ఒకదానిని ఎంచుకుని పారిపోతాయని చూపించారు. దారులు కొన్నే, కానీ ఏ క్షణాన ఏ దారి పడుతుందో ఎదుటి జంతువు ఊహించలేదు. మా వంటింట్లో స్టవ్ కింది నుండి అది ఎటు పోతుందో నేను ఎప్పుడూ పసిగట్టలేకపోవడానికి కారణం ఇదే.

అయితే కాళ్ళ గ్రంథులే అన్నీ చూసుకుంటే తలకు పని ఏమిటని నాకూ సందేహం వచ్చింది. దానికి జవాబు పచ్చలాగా మెరిసే ఒక కందిరీగ దగ్గర ఉంది. శాస్త్రీయంగా దాని పేరు ఆంపులెక్స్ కంప్రెస్సా, ఆసియా, ఆఫ్రికాల ఉష్ణప్రదేశాల్లో ఉంటుంది. ఇది బొద్దింకను రెండుసార్లు కుడుతుంది. మొదటి పోటు వక్షభాగంలో పడి ముందు కాళ్ళను కొద్ది నిమిషాలు చచ్చుబడేలా చేస్తుంది. ఆ వ్యవధిలో కందిరీగ తన ముల్లును మెడ గుండా తలలోకి పంపి, అక్కడి నాడీగ్రంథుల్లోనే విషం దించుతుంది. ఆ తరువాత బొద్దింక కాళ్ళు బాగానే పనిచేస్తాయి. వెనక నుండి గాలి ఊదితే రోమాలూ లావు తంతువులూ మామూలుగానే సంకేతాలు పంపుతాయి. కానీ అది పారిపోదు. కందిరీగ దాని స్పర్శశృంగాన్ని పట్టుకుని, పగ్గం పట్టుకుని పశువును నడిపించినట్లు, తన కలుగులోకి నడిపించుకుపోయి దాని కాలి మీద గుడ్డు పెడుతుంది. ఇజ్రాయెల్‌లో ఫ్రెడెరిక్ లిబర్సాట్ ఏళ్ళ తరబడి ఈ సంబంధాన్ని పరిశోధించారు. కాళ్ళను కదిలించే యంత్రాంగం కింద ఉన్నా, దానిని కదలనిచ్చే సమ్మతి తల నుండి వస్తుందని, కందిరీగ ఆ సమ్మతినే తీసివేస్తుందని ఆ పరిశోధనల వల్ల తెలిసింది. ఇది చదివిన రోజు నాకు చాలాసేపు మనసు బాగాలేదు. అయినా పిల్ల ప్రశ్నకు మొదటి జవాబు ఇక్కడే దొరికింది: కాళ్ళకు చెప్పే వారు ఒక్కరు కాదు.

చేపల్లో ఈ విషయం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఇల్లు మారినందుకు బహుమానంగా కొళత్తూరులోని అలంకార చేపల దుకాణాల నుండి మా అమ్మాయి ఆరు జీబ్రాచేపలను తెచ్చుకుంది. చారలున్న ఈ చిన్న చేప మన ఉపఖండపు వాగుల్లోనిదే, ఇప్పుడు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఉంది. మూత పొరపాటున గాజు అంచుకు తగిలితే ఆరూ ఒక్కసారి కొంకిలా వంగి చెదిరిపోతాయి. ఆ వంపు వెనుక, మెదడు వెనుక భాగంలో కుడి ఎడమలకు ఒక్కొక్కటిగా ఉండే రెండు పెద్ద నాడీకణాలు ఉన్నాయి. లుడ్విగ్ మౌట్నర్ 1859లో వర్ణించినందువల్ల వాటిని మౌట్నర్ కణాలంటారు. ఎడమ వైపు నుండి చప్పుడు వస్తే ఎడమ కణం ఒక్కసారి, ఒకే ఒక్కసారి, సంకేతం పంపుతుంది. దాని తంతువు మధ్యరేఖ దాటి వెన్నుపాములో కుడి వైపుకు దిగి, ఆ వైపు కండరాలన్నిటినీ ఒకేసారి బిగిస్తుంది. చేప కుడికి వంగి, తరువాతి తోకపోటుతో ముప్పుకు దూరంగా దూసుకుపోతుంది. వంపు మొదలు కావడానికి సెకనులో వందో వంతు చాలు. రెండు కణాలూ ఒకేసారి పనిచేస్తే చేప ఎటూ కదలలేదు కనుక, ఒకటి మేలుకోగానే రెండవదాన్ని అణచిపెట్టే ఏర్పాటు కూడా అక్కడే ఉంది. లేజరుతో ఈ కణాలను తొలగించిన చేపపిల్లలు కూడా తప్పించుకుంటాయి, కాకపోతే కొద్దిగా ఆలస్యంగా. అంటే ఇంత ముఖ్యమైన పనిని ప్రకృతి ఒకే తీగ మీద వేలాడదీయలేదు.

ఈ వేగానికి ఒక మూల్యం ఉంది. ఆగ్నేయాసియా నీళ్ళలో మూతి మీద రెండు మీసాల వంటి తంతువులతో ఒక పాము ఉంటుంది. అది తన శరీరాన్ని కొక్కెంలా వంచి కదలకుండా వేచి ఉంటుంది. ఆ వంపులోకి చేప వచ్చినప్పుడు, తల వైపు నుండి కాక, మెడకు దిగువన శరీరాన్ని అతి స్వల్పంగా కదిలిస్తుంది. ఆ కదలిక చేప చెవికి తగులుతుంది, ఆ వైపు మౌట్నర్ కణం పేలుతుంది, చేప వ్యతిరేక దిశకు, అంటే సరిగ్గా పాము నోటి వైపుకు, తిరుగుతుంది. కెన్నెత్ కటానియా 2009లో దీనిని చిత్రీకరించి ప్రకటించారు. పాము చేప ఉన్న చోటికి కాక, అది చేరబోయే చోటికి తలను విసురుతుందని, అప్పటివరకు చేపను వేటాడి ఎరుగని పాముపిల్లలు సైతం అలాగే చేస్తాయని కూడా ఆయన తరువాత చూపించారు. ఒకసారి మొదలైతే ఆపలేని పనికి ఇదే ప్రమాదం. ఆలోచించకుండా పరుగెత్తిన వాళ్ళందరూ తప్పించుకోరు. మా అమ్మకు ఈ పాము సంగతి చెప్పినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

మంచినీటి రొయ్యలాంటి క్రేఫిష్‌లో కూడా ఇలాంటి లావు తంతువే తోకను కొట్టించి వెనక్కి ఎగరేస్తుందని, ఒక్క సంకేతం చాలునని కార్నెలిస్ వియర్స్మా 1947లో చూపించారు. నాకు ఆసక్తి కలిగించింది దాని తరువాతి పరిశోధన. ఆ జీవి ఆహారం తింటున్నప్పుడు, లేదా ఎవరైనా గట్టిగా పట్టుకుని ఉన్నప్పుడు, అదే తాకిడికి ఆ తంతువు అంత సులువుగా మేల్కొనదు. ఒంటి తీగలా కనిపించే చోట కూడా పైనుండి ఎవరో చేయి పెట్టి "ఇప్పుడు కాదు" అని ఆపుతున్నారు.

ఇక ఎలుక. మనకు దగ్గరి చుట్టం కనుక ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

2013లో మెలిస్ యిల్మాజ్, మార్కస్ మీస్టర్ అనే ఇద్దరు ఎలుకల పెట్టె పైకప్పుగా ఒక తెరను అమర్చి, దానిపై నల్లని చుక్కను వేగంగా పెద్దది చేశారు. ఆకాశం నుండి గద్ద మీదికి దిగుతున్నప్పుడు కంటికి ఎలా ఉంటుందో అలా. గద్దను జన్మలో చూడని ప్రయోగశాల ఎలుకలు అప్పటికప్పుడు గూటిలోకి పరుగెత్తాయి, లేదా బిగుసుకుపోయాయి. మరో బృందం 2016లో, చిన్న చుక్కను పెద్దది చేయకుండా తెర మీద అడ్డంగా నడిపింది, దూరాన ఆకాశంలో చుట్టు తిరిగే పక్షిలాగా. అప్పుడు ఎలుకలు ప్రధానంగా బిగుసుకుపోయాయి. ఇందులోని తర్కం ఎంత చక్కనిదో చూడండి. దూరాన ఉన్న గద్ద ఇంకా చూసి ఉండకపోవచ్చు, కదిలితే చూస్తుంది. మీదికి దిగుతున్న గద్ద ఇప్పటికే చూసింది, ఇక కదలకపోతే లాభం లేదు.

ఈ లెక్క జరిగే చోటును లండన్‌లో టియాగో బ్రాంకో బృందం వెతికింది. కంటి నుండి వచ్చే తంతువుల్లో ఒక పెద్ద భాగం మధ్యమెదడు పైకప్పులోని సుపీరియర్ కాలిక్యులస్ అనే పొరల గుట్టను చేరుతుంది. దాని లోపలి పొరల్లోని కణాలు ముప్పు ఎంత ఉందో కూడబెడతాయి. అవి ఆ మొత్తాన్ని మధ్యమెదడులోనే, ద్రవం ప్రవహించే సన్నని కాలువ చుట్టూ ఉండే పెరియాక్విడక్టల్ గ్రే అనే బూడిదరంగు పదార్థపు పైభాగానికి పంపుతాయి. 2018లో ఆ బృందం చెప్పిన ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఈ రెంటి మధ్య సంధులు, అంటే ఒక నాడీకణం మరోదానికి సంకేతం అందించే చోట్లు, బలహీనమైనవి, ఒకటి రెండు సంకేతాలకు స్పందించవు. ముప్పు నిజంగా బలంగా, ఎడతెగకుండా ఉన్నప్పుడే అవతలి కణాలు మేల్కొంటాయి. మేల్కొన్నాయంటే పరుగు మొదలైనట్లే. ఆ బలహీనత ఒక గడప లాంటిది. ఆకు నీడ కదిలినప్పుడల్లా గూటిలోకి పరుగెత్తే ఎలుక ఆకలితో చస్తుంది కనుక ఆ గడప ఉండాలి. బూడిదరంగు పదార్థపు ఆ పైభాగాన్ని తాత్కాలికంగా మూగబోయేలా చేసినప్పుడు, నల్లచుక్కను చూసిన ఎలుక ఏమీ పట్టనట్టు తిరగలేదు. పారిపోవడానికి బదులు బిగుసుకుపోయింది.

నన్ను అన్నిటికంటే కదిలించినది అదే బృందం 2017లో ప్రకటించిన మరో పరిశీలన. కొత్త చోట విడిచిన ఎలుకకు గూడు ఎక్కడుందో ఒక్కసారి చూస్తే చాలు, ముప్పు రాగానే నేరుగా ఆ దిశకు తిరిగి పరుగెత్తుతుంది. ఆ క్షణంలో గూడును కళ్ళతో వెతుక్కోదు, గుర్తున్న చోటికి పోతుంది. అసలు గూడే లేని చోట విడిస్తే మాత్రం, అదే నల్లచుక్కకు అదే ఎలుక పరుగెత్తడం మాని బిగుసుకుపోతుంది. పరుగుకు గమ్యం ఉండాలి. చేరవలసిన చోటు తెలియకపోతే మెదడు కాళ్ళను ఆపి ఉంచుతుంది.

పది రోజుల ముందు వచ్చిన వీధి, వెలగని దీపం, ఇంకా అలవాటు కాని గేటు. ఎలుక సంగతిని ఉన్నదున్నట్లు పిల్లకు అంటగట్టకూడదని నాకు తెలుసు. మనిషి మెదడులో ఆ పాత భాగాల పైన ఎన్నో పొరలు ఉన్నాయి. అయినా ఆ వ్యాసం చదువుతున్నప్పుడు ఆ చీకటి వీధే నా కళ్ళ ముందు ఉంది. ఆమెకు ఎటు పరుగెత్తాలో తెలియదు. వేళచ్చేరిలో ఆమె పుట్టి పెరిగిన వీధిలో ఇది జరిగి ఉంటే కాళ్ళు మరో విధంగా నడుచుకునేవేమోనన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలలేదు.

బిగుసుకుపోవడం అంటే మెదడు ఆగిపోవడం అని నేనూ అనుకునేదాన్ని. "కాళ్ళూ చేతులూ ఆడలేదు" అనే మాటలో ఆ భావమే ఉంది. నిజానికి అది శ్రమతో కూడిన పని. భయానికి కేంద్రంగా అందరికీ తెలిసిన అమిగ్డాలా నుండి ఒక దారి అదే బూడిదరంగు పదార్థపు దిగువ భాగానికి వెళుతుంది. అక్కడ మామూలుగా కొన్ని కణాలు మరికొన్ని కణాలను అణచి ఉంచుతాయి. అమిగ్డాలా సంకేతం ఆ అణచివేతను తొలగిస్తుంది. అప్పుడు విడుదలైన కణాలు వెన్నుపాము వైపు ఆజ్ఞ పంపి కండరాలను బిగించి పట్టుకుంటాయి. ఈ దారిని 2016లో ఫిలిప్ టోవోట్, సహచరులు ఒక్కొక్క సంధినీ విప్పి చూపించారు. అదే సమయంలో గుండె వేగం తగ్గుతుంది, కళ్ళూ చెవులూ ముప్పు మీదే నిలుస్తాయి. కాళ్ళు చచ్చుబడవు. ఎక్కుపెట్టిన విల్లులా బిగిసి ఉంటాయి, ఏ క్షణానైనా పరుగుకు మారగలవు.

మనుషుల్లోనూ ఇది ఉంది. నెదర్లాండ్స్‌లో కరిన్ రూలోఫ్స్, సహచరులు 2010లో కొందరిని, శరీరపు అతి చిన్న ఊగిసలాటను కూడా కొలిచే పలక మీద నిలబెట్టి, మనుషుల ముఖాల చిత్రాలు చూపించారు. కోపంగా ఉన్న ముఖాలు కనిపించినప్పుడు ఊగిసలాట తగ్గింది, గుండె నెమ్మదించింది. డీన్ మాబ్స్ బృందం 2007లో ఇంకో పని చేసింది. మెదడును చిత్రించే స్కానరులో పడుకున్నవారు తెర మీది చిక్కుదారుల్లో తమను వెంటాడే ఒక కల్పిత మృగం నుండి తప్పించుకోవాలి, చిక్కితే చేతికి విద్యుత్తు తగులుతుంది. మృగం దూరాన ఉన్నంతసేపూ నుదుటి వెనుక ఉండే, ముందుచూపుతో ఆలోచించే భాగాలు చురుకుగా ఉన్నాయి. అది దగ్గరపడే కొద్దీ చురుకుదనం మధ్యమెదడులోని ఆ బూడిదరంగు పదార్థానికి మారింది. దూరపు ఆపదను ఒక మెదడు చూసుకుంటుంది, మూరెడు దూరంలోని ఆపదను దానికంటే ఎంతో పాతదైన మరో మెదడు చూసుకుంటుంది. పరుగెత్తాలని అనుకున్నది మా అమ్మాయి మెదడులోని మొదటి భాగం. కాళ్ళు విన్నది రెండవదాని మాట.

ఈ మాటలను పదకొండేళ్ళ పిల్లకు చెప్పడానికి రెండు సాయంత్రాలు పట్టింది. "అంటే నేను భయపడలేదా?" అని అడిగింది. భయపడ్డావు, భయపడినప్పుడు నీ మెదడు చేయవలసిన పనుల్లో ఒకదాన్ని ఎంచుకుంది, ఎంచుకోవడం నీ చేతిలో లేదు అని చెప్పాను. వీధికుక్క ఎదురైతే పరుగెత్తవద్దని, కేకలు వేయకుండా, దాని కళ్ళలోకి చూడకుండా, చెట్టులా నిలబడాలని పిల్లలకు నేర్పుతారు. పరుగు కుక్కను వెంటపడేలా పురిగొల్పుతుంది. ఎవరూ నేర్పకుండానే ఆమె అందులో ముఖ్యమైన భాగం చేసింది.

పారిపోకపోవడం కూడా లెక్కే అన్న సంగతి మాత్రం నాకు పుస్తకాల కంటే గిండీలోనే బాగా అర్థమైంది. సెలవుల్లో అక్కడి జాతీయ ఉద్యానవనానికి వెళ్ళాము. నగరం నడిమధ్యలో మూడు చదరపు కిలోమీటర్లు కూడా లేని ఆ అడవిలో కృష్ణజింకలు, చుక్కల దుప్పులు ఉన్నాయి. మేము దారి మీద నడుస్తున్నంతసేపూ దుప్పులు తల ఎత్తలేదు. ఒక పిల్లవాడు దారి తప్పి గడ్డిలోకి నాలుగడుగులు వేయగానే ఒక ఆడదుప్పి మేత ఆపి, ముందు కాలితో నేలను తన్ని, తోక పైకెత్తి తెల్లని అడుగుభాగాన్ని చూపించింది. అయినా పరుగెత్తలేదు. జంతువు శత్రువును చూసిన వెంటనే పారిపోదని, మేత వదిలి పారిపోవడం వల్ల పోయేది ఎంత, ఆగడం వల్ల వచ్చే ప్రమాదం ఎంత అన్న రెండూ సమానమయ్యే దూరం దాకా ఆగుతుందని రాన్ యడెన్‌బర్గ్, లారెన్స్ డిల్ 1986లో ప్రతిపాదించారు. ఆ తరువాత బల్లుల నుండి పక్షుల దాకా ఎన్నో జంతువుల్లో ఆ దూరాన్ని అడుగులతో కొలిచారు. మా అమ్మాయి ఆ రోజు దుప్పి నుండి పిల్లవాడి దాకా కంటితోనే అడుగులు లెక్కపెట్టి, ఇరవై ఎనిమిది అని చెప్పింది.

సంక్రాంతి మరునాడు, సందడి తగ్గిన సాయంత్రం, ముగ్గురమూ తిరువాన్మియూరు సముద్రతీరానికి వెళ్ళాము. ఇసుక పీతలు మా అడుగుల అలికిడికే బొరియల్లోకి మాయమయ్యాయి. వీటి దాయాదులైన ఫిడ్లర్ పీతల మీద ఆస్ట్రేలియాలో యాన్ హెమ్మి చేసిన పరిశీలనల గురించి నడుస్తూ చెప్పాను. ఆ పీతలు ముప్పు కనిపించగానే ముందు కదలడం మానేస్తాయి, తరువాత బొరియ దాకా పరుగెత్తి, దాని అంచున ఆగి మళ్ళీ చూస్తాయి, ముప్పు ఇంకా దగ్గరపడితేనే లోపలికి దిగుతాయి. బొరియ కంటికి కనబడకపోయినా వేసిన అడుగులను బట్టి అది ఎక్కడుందో వాటికి తెలుస్తూనే ఉంటుంది. లోపలికి దిగిన తరువాత ఎంతసేపు ఆగాలన్నది ఇంకో చిక్కు, బయట ఉన్నది వెళ్ళిపోయిందో లేదో లోపల ఉన్న దానికి తెలియదు.

మా అమ్మాయి ఒక బొరియకు ఆరడుగుల దూరంలో ఇసుక మీద చతికిలబడి, మోకాళ్ళ చుట్టూ చేతులు చుట్టుకుని కదలకుండా కూర్చుంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి, లెక్కపెడుతోంది. మా అమ్మ వేయించిన వేరుశనగకాయల పొట్లంతో వెనక నుండి వస్తూ "చీకటి పడుతోంది, ఇంకా ఎంతసేపే" అనబోతే, పిల్ల తల తిప్పకుండానే అరచేయి ఎత్తి ఆగమంది. ఆమె పొట్లాన్ని గుండెలకు ఆనించి పట్టుకుని ఉన్నచోటనే నిలబడిపోయింది. నూట ముప్పై ఒకటి దగ్గర బొరియ అంచున కాడ మీద నిలబడిన ఒక కన్ను కనిపించింది, తరువాత రెండవది. పీత సగం పైకి వచ్చి, ఒక పక్కకు తిరిగి, మా వైపు చూస్తూ ఆగింది. ఒక అల వచ్చి వెళ్ళింది. నూట యాభై రెండు దగ్గర అది కాళ్ళతో పట్టుకొచ్చిన తడి ఇసుక ముద్దను బయటికి విసిరి, ఇంకొకటి తేవడానికి లోపలికి దిగింది.